తుంటి ఆపరేషన్ తర్వాత వార్డులో సిస్టర్లని ఏది గట్టిగా అడగాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

అమ్మకి 72 ఏళ్లు, షుగర్ ఉంది. తుంటి ఎముక విరిగితే ప్రైవేటు ఆసుపత్రిలో బాల్ మార్చారు. ఇవాళ మూడో రోజు. రాత్రి బెల్ కొడితే 20 నిమిషాలకి గానీ ఎవరూ రావడం లేదు. కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) ఉన్న చెయ్యి నొప్పిగా ఉందంటే "అలాగే ఉంటుందమ్మా" అంటున్నారు. ఆపరేషన్ కాలు కదపకూడదని ఒక సిస్టర్, పక్కకి తిప్పాలని ఇంకో సిస్టర్ చెబుతున్నారు. వీటిలో ఏది మామూలు, దేనికి పట్టుబట్టాలి? అడిగితే ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమోనని భయం కూడా ఉంది.

జవాబు 1 (ఆర్థో వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్)

మూడింటినీ ఒకే గాటన కట్టకండి. బెల్ ఆలస్యం చాలావరకు మనుషుల కొరత. చెయ్యి నొప్పి, తిప్పకపోవడం మాత్రం రేపటి దాకా ఆగేవి కావు.

ముందు చెయ్యి. సూది దిగిన చోటు నుంచి పైకి నరం వెంట ఎర్రబడినా, వేడిగా ఉన్నా, వేలితో తడిమితే తాడులా గట్టిగా తగిలినా ఆ కాన్యులా తీసేసి వేరే చోట వెయ్యాల్సిందే. చర్మం చల్లగా ఉబ్బితే సెలైన్ నరంలోకి వెళ్లకుండా చుట్టుపక్కల కండలోకి దిగుతోందని అర్థం. చాలా ఆసుపత్రులు 72 నుంచి 96 గంటల మధ్య కాన్యులా మారుస్తాయి, కానీ నొప్పి మొదలయ్యాక ఆ గడువుతో పని లేదు. అంటించిన ప్లాస్టర్ మీద వేసిన తేదీ రాసి ఉండాలి. యాంటీబయాటిక్ ఇచ్చే ముందు 5 మి.లీ. సెలైన్ ఎక్కించి దారి చూస్తారు. అది అడ్డుపడుతుంటే సిరంజిని బలంగా నెట్టకూడదు.

ఇక తిప్పడం. రెండు గంటలకి ఒకసారి తప్పనిసరి. ఏ పక్కకి తిప్పొచ్చో సర్జన్ కేస్ షీట్‌లో రాస్తారు, ఆ లైను చూపించమనండి. బాల్ మార్చిన కాలు లోపలికి తిరగకూడదు, రెండో కాలి మీదకి అడ్డంగా పోకూడదు. పోతే కీలు జారే ప్రమాదం ఉంది. అందుకే కాళ్ల మధ్య దిండు పెట్టి, ఇద్దరు మనుషులు కింది దుప్పటి పట్టుకుని ఒకేసారి తిప్పాలి. పూర్తిగా పక్కకి అక్కర్లేదు, వీపు కింద దిండు దోపి 30 డిగ్రీలు వాల్చితే చాలు. చంకల కింద చెయ్యేసి పైకి లాగితే మాత్రం చర్మం పరుపుకి రాసుకుని నడుం కింద పుండు మొదలవుతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి, షుగర్ ఉన్నవాళ్లకి మడమ పుండు మానడం చాలా కష్టం. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి, పక్కనున్న చర్మంతో పోల్చి వేడి, గట్టిదనం చూడాలి.

జవాబు 2 (నర్సింగ్ ట్యూటర్)

పై జవాబుకి ఒక ముఖ్యమైన సంగతి కలుపుతున్నాను: షిఫ్టు మారే వేళ. హైదరాబాద్‌లో చాలా ఆసుపత్రుల్లో ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకి మారుతుంది. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది అక్కడే. మీ అమ్మగారికి ఇన్సులిన్ ఉంటే ఇది చూడండి: రాత్రి సిస్టర్ ఉదయం 6 గంటలకి షుగర్ చూసి, వెళ్లేలోగా పని అయిపోవాలని 7:30కే ఇన్సులిన్ ఇస్తారు. టిఫిన్ ట్రే 8:45కి వస్తుంది. రెగ్యులర్ రకం తినే అరగంట ముందు, త్వరగా పనిచేసే రకం 10, 15 నిమిషాల ముందు ఇవ్వాలి. టిఫిన్ ఆలస్యమైతే షుగర్ 70 కిందకి పడి చెమటలు, వణుకు మొదలవుతాయి. స్పృహలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు టీ చెంచాలు ఇచ్చి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. "ట్రే వంటగది నుంచి బయల్దేరిందా సిస్టర్?" అని ఇన్సులిన్‌కి ముందే అడగండి.

యూరిన్ బ్యాగు ఇంకా ఉంటే, ఇవాళ దాని అవసరం ఉందా అని రోజూ డాక్టర్ని అడగాలి. బ్యాగు ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. ఎక్స్‌రేకి తీసుకెళ్లేటప్పుడు స్ట్రెచర్ మీద కాళ్ల మధ్య పెట్టేస్తుంటారు. అప్పుడు మూత్రం వెనక్కి పోతుంది, ఇన్‌ఫెక్షన్ అలాగే వస్తుంది.

కోపం సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. రాత్రిపూట ఒక్కరే అంతకంటే ఎక్కువమందిని చూస్తుంటే బెల్ ఎందుకు ఆలస్యమవుతుందో తెలుస్తుంది. అందుకని నాలుగు పనులకి నాలుగుసార్లు పిలవకుండా, 10 గంటల మందుల రౌండులోనే తిప్పడం, బెడ్‌పాన్, నొప్పి మాత్ర కలిపి చెప్పండి. ఇక దేనికీ రాకపోతే వాదన పెట్టుకోవద్దు. "ఎన్నింటికి చెప్పానో నోట్స్‌లో రాస్తారా సిస్టర్?" అనండి చాలు. అప్పటికీ కదలకపోతే నైట్ సూపర్‌వైజర్‌ని పిలవమనండి. కేస్ షీట్ నకలు అడిగే హక్కు మీకుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం, ఆసుపత్రిలో ఉండగా 24 గంటల్లో, డిశ్చార్జి తర్వాత 72 గంటల్లో ఇవ్వాలి.

జవాబు 3 (సర్కారు దవాఖాన స్టాఫ్ నర్స్)

గాంధీ, ఉస్మానియా లాంటి పెద్ద దవాఖానలల్ల లెక్క వేరే ఉంటది. తిప్పుడు, తుడుసుడు చానా వరకు ఇంటోళ్ల మీదనే పడతది. అందుకే మొదటి దినమే సిస్టర్ తోని తిప్పి చూపించుకోవాలె. చేతులు కడిగినంకనే ముట్టాలె. సెలైన్ రోలర్ (పైపు మీద చుక్కలు పెంచే, తగ్గించే చక్రం) మాత్రం మీరు తిప్పొద్దు. 500 మి.లీ. 8 గంటలల్ల పోవాలంటే 20 చుక్కలకు ఒక మి.లీ. అయ్యే సెట్టుల నిమిషానికి 21 చుక్కలు. జల్ది అయిపోవాలని విప్పితే ముసలోళ్లకు ఆయాసం వస్తది.

ప్రశ్న అడిగినవారు

కాన్యులా మార్చారు, చెయ్యి తేలికైంది. తిప్పడం కూడా కేస్ షీట్‌లో ఉంది. కానీ రాత్రి అమ్మ నన్ను గుర్తుపట్టలేదు, పైపు పీకబోయింది. మళ్లీ ఇలా చేస్తే చేతులు కడతామంటున్నారు.

జవాబు 1

కట్టడం ఆఖరి మార్గం, దానికి డాక్టర్ ఆర్డరు ఉండాలి. ఈ వయసులో ఆపరేషన్ తర్వాత హఠాత్తుగా తికమక పడటం తరచూ చూసేదే, దాని వెనక కారణం ఉంటుంది. వెంటనే షుగర్, ఆక్సిజన్ చూడమనండి. తర్వాత నొప్పి, మూత్రం ఆగిందా, విరేచనం ఎన్ని రోజులైంది, సోడియం ఎంత ఉంది. ఇవన్నీ డ్యూటీ డాక్టర్‌కి ఈ రాత్రే చెప్పాలి. నిద్రమాత్ర అడగవద్దు, అది తికమకని పెంచవచ్చు. కళ్లజోడు, వినికిడి మిషను పెట్టండి, చిన్న లైటు వెలిగించి ఉంచండి. కాన్యులాకి కట్టు చుట్టి చేతి మీద పొడుగు చేతుల జాకెట్టు వేస్తే పీకడం తగ్గుతుంది. మంచం కమ్మీలు ఎత్తారని వదిలి వెళ్లకండి, తికమకలో వాటి మీంచి దిగబోయి పడతారు. ఈ రాత్రికి ఆవిడకి బాగా అలవాటైన మనిషి ఒకరు పక్కన కూర్చోవాలి.