మాయాబజార్‌కి పక్కనుంచి చెప్పే గొంతు కావాలా, వద్దా?

పాతపాటల పిచ్చి: టీవీలో పాత సినిమాలకి ఆడియో డిస్క్రిప్షన్ పెట్టాలంటున్నారు కదా, అదే చూపులేనివాళ్ల కోసం డైలాగ్ లేని చోట ఒక గొంతు వచ్చి తెర మీద ఏం జరుగుతోందో చెప్పడం. కొత్త సినిమాలకి పెట్టుకోండి, క్లాసిక్స్ జోలికి రావొద్దు అంటాను నేను. ఆ సినిమాలు మాటల మీదే నడిచాయి. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం, అంటే సినిమా సౌండ్‌ని కుదించి వేసేది, వినేవాళ్లం, ఎవరు వర్ణించారు మనకి, అంతా అర్థమయ్యేది కదా. పైగా పాత ప్రింట్లలో మాట, పాట, సంగీతం అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిపోయుంటాయి, మధ్యలో ఇంకో మనిషి మాట్లాడాలంటే ఘంటసాల గొంతు తగ్గించాలి. అది మాత్రం నా వల్ల కాదు.

ఎంవీపీ కుర్రోడు: అన్నా, శబ్దచిత్రం విన్నవాళ్లలో చాలామంది అప్పటికే హాల్లో సినిమా చూసొచ్చినవాళ్లు. చూసింది గుర్తు తెచ్చుకోవడం వేరు, అసలు చూడకుండా వినడం వేరు. మా మేనత్తకి పుట్టుకతోనే చూపు లేదు, భీమిలిలో ఉంటుంది, రేడియో పాటలన్నీ కంఠతా వచ్చు. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు మాయాబజార్ పెట్టాను. లాహిరి లాహిరి పాట వచ్చింది, అత్త కూడా పాడుతోంది. అభిమన్యుడు, శశిరేఖ దిగాక అదే పడవలోకి కృష్ణుడు, రుక్మిణి వచ్చారు, వాళ్ల తర్వాత బలరాముడు, రేవతి, నేనేమో పక్కన కూర్చుని ఇదంతా చెప్తున్నాను. అత్త పాట ఆపేసి నా చెయ్యి పట్టుకుంది. "ఆగరా, బలరాముడు కూడా ఎక్కీసినాడేటి? ఇన్నేళ్లూ ఆ పడవలో ఇద్దరే ఉన్నారనుకున్నాన్రా" అంది.

మూడు జంటలకీ పాడింది ఘంటసాల, లీలే. విన్నవాళ్లకి మనిషి మారాడని ఎలా తెలుస్తుంది చెప్పు? 1957 నుంచి మనం ముచ్చటపడుతున్న సీన్ ఆవిడకి సగమే అందింది, ఆ మిగతా సగం ఇవ్వడానికి రెండు ముక్కలు చాలు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ సృష్టించిన వెన్నెల అది, దాని గురించి ఆవిడకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదంటే నాకు కడుపులో దేవినట్టయింది.

గాజువాక వాసి: చట్టం సంగతి కూడా చూడండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో ఆడియో డిస్క్రిప్షన్ అని పేరుపెట్టి రాశారు. 2019లో టీవీకి ప్రమాణాలు తెచ్చారు గానీ అవి వినికిడి లేనివాళ్ల కోసం. 2024 మార్చి మార్గదర్శకాలు థియేటర్లో ఆడే సినిమాలకి. మధ్యలో టీవీలో వచ్చే పాత సినిమా ఎవరికీ పట్టలేదు. ఘంటసాల గొంతు తగ్గుతుందన్న భయం అక్కర్లేదు, కార్టూన్ ఛానల్లో రిమోట్ మీద బటన్ నొక్కి భాష మారుస్తాం చూడండి, ఇది కూడా అలా వేరే ట్రాక్‌లో పెట్టొచ్చు. వద్దనుకున్నవాళ్లకి వినపడదు.

పాతపాటల పిచ్చి: పడవ సంగతి నేనెప్పుడూ అలా ఆలోచించలేదు, నిజం. వేరే ట్రాక్ అయితే నా అభ్యంతరం సగం పోయినట్టే. మరి ఎవరు రాస్తారు? ఆహ నా పెళ్ళియంట పాటలో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు, సావిత్రి నడకే మారిపోతుంది. దాన్ని ఎవడో వచ్చి "నాయిక ముచ్చటగా నాట్యం చేస్తోంది" అని చదివేస్తే నేను తట్టుకోలేను.

ఎంవీపీ కుర్రోడు: అక్కడ నీతో నూటికి నూరు ఏకీభవిస్తా. కనపడింది చెప్పాలి, ముచ్చటగా ఉందో లేదో వినేవాళ్లే తేల్చుకుంటారు. నేను కూడా ఆ రోజు ఉత్సాహంలో పాట మీద మాట్లాడేస్తే అత్త "నువ్వూరుకోరా, లీల గొంతు విననీ" అని కసిరింది. గ్యాప్ ఎంతుందో అంతే మాట్లాడాలి, అది కూడా ముందే రాసుకుని. అత్త మళ్లీ వచ్చే నెల వస్తానంది, వివాహ భోజనంబు కావాలంట. ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చే చోట మాధవపెద్ది గొంతుకి అడ్డం పడకుండా ఆ ఒక్క మాట ఎక్కడ పెట్టాలా అని రెండ్రోజులుగా వెనక్కీ ముందుకీ జరిపి చూస్తున్నా.