గర్భం 25వ వారంల షుగర్ పరీక్ష: పరగడుపున పోవాల్నా?

ప్రశ్న: మా చెల్లెకు మూడో నెలల షుగర్ నార్మలే వచ్చింది. ఇప్పుడు మళ్లా చేయించుమంటున్నరు. నర్సంపేట నుంచి హనుమకొండ దాక పస్తుతోని తీసుకపోవాల్నా?

జవాబు 1: పస్తు అక్కర్లేదక్కా. సర్కారు దవాఖానల పద్ధతిల తిన్నా, తినకున్నా చేస్తరు. 75 గ్రాముల గ్లూకోజ్ 300 మి.లీ. నీళ్లల్ల కలిపి 5–10 నిమిషాలల్ల తాగాలె. రెండు గంటలకు రక్తం తీస్తరు. 140 లేదా అంతకు మించి ఉంటే గర్భకాల షుగరే. మొదటిది నార్మలైనా 24–28 వారాల మధ్య మళ్లీ చేయించాల్సిందే. మాయ (కడుపుల బిడ్డకు ఆహారం అందించేది) నుంచి వచ్చే హార్మోన్లు, షుగర్‌ను తగ్గించే ఇన్సులిన్‌ను అడ్డుకునుడు అప్పుడే పెరుగుతది.

జవాబు 2: తప్పు ఎక్కువ జరిగేది గ్లూకోజ్ కొలతల. 100 గ్రాముల ప్యాకెట్ మొత్తం కుమ్మరిస్తరు, లేకుంటే డబ్బాలకెల్లి చెంచాల లెక్కన పోస్తరు. ఆ అంకెను నమ్మలేం. తూకమేసి కలపమని అడుగుండ్రి. ఆ రెండు గంటలు ఏం తినొద్దు, కూసోవాలె. తాగిన 30 నిమిషాల లోపు వాంతయితే ఆ రోజు ఆపి తెల్లారి చేయించుండ్రి. తర్వాత అయితే పరీక్ష నడిపించొచ్చు.

ప్రశ్న: మూడు నెలల సగటు పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, చేయిస్తే సరిపోదా?

జవాబు 1: సరిపోదు. రక్తం తక్కువున్నోళ్లకు అది తప్పు చూపియ్యొచ్చు. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్యం రాసే సర్కారు కార్డు) మాత్రం మర్వకుండ్రి, అంకె అండ్లనే రాయించుండ్రి. షుగర్ తేలితే కాన్పయిన ఆరు వారాలకు ఇదే 75 గ్రాముల పరీక్ష మళ్లీ ఉంటది. చంటిపిల్ల పనిల పడి చానమంది ఎగ్గొట్టేది దాన్నే.