టవర్ డిఫెన్స్ ఆటకు నిధుల సేకరణ: బ్యాంకు పేజీ దాటడం లేదు, దారి చెప్పండి

పిక్సెల్ కుమ్మరి (శనివారం, తెల్లవారుజామున 3:52)

రాత్రి తొమ్మిదింటి నుంచి ఒకే ఫారంతో కుస్తీ పడుతున్నాను. ఆట పేరు, బొమ్మలు, రెండు నిమిషాల వీడియో, ఎంత ఇచ్చినవారికి ఏమి ఇస్తామో ఆ జాబితా అంతా ఎక్కించాను. తీరా బ్యాంకు వివరాల పేజీకి వచ్చాక ఖాతా సంఖ్య తప్పు అంటోంది. పాసుపుస్తకం పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూశాను, తప్పు లేదు. బ్రౌజర్ మార్చాను. ఫోనులోనూ చూశాను. అదే మాట.

ఆట ఓరుగల్లు కోటను కాపాడే టవర్ డిఫెన్స్, అంటే బురుజులు పెట్టి వరుసగా వచ్చే శత్రువులను ఆపే రకం. రెండున్నరేళ్లుగా ఒక్కడినే చేస్తున్నాను. పూర్తి చేయడానికి 12 లక్షలు కావాలి. ఈ ఫారం గట్టెక్కకపోతే సోమవారం అమ్మ తన గాజులు తాకట్టు పెడతానంటోంది. ఆ పని జరగకూడదనే ఈ తాపత్రయమంతా. వెతకాల్సిన చోటల్లా వెతికాను కాబట్టి వెతుక్కోమని మాత్రం చెప్పకండి. ఒక బొమ్మ జత చేస్తున్నాను.

ఒకే ముక్క (ఉదయం 6:15)

నిధులకు ఏ వేదిక? ఖాతా ఏ దేశంలో ఉంది? ఆట తయారీకి వాడే సాఫ్ట్‌వేర్, అదే ఇంజిన్, ఏది? ఆట ఆడే స్థితిలో ఉందా? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఓరుగల్లు నడక (ఉదయం 7:02)

నిధుల సంగతి నాకు తెలియదు. కానీ ఆ బొమ్మ చూసి ఊరుకోలేకపోతున్నాను. బాబూ, కాకతీయుల కోట మీద ఫిరంగులు పెట్టావేమిటి? కాకతీయ రాజ్యం పోయింది 1323లో. అప్పటికి దక్కనులో ఫిరంగి లేదు. ఆ మాటే మనది కాదు, పడమటి నుంచి వచ్చిన పరదేశులను పిలిచిన పేరు. 1309-10లో మాలిక్ కాఫర్ వచ్చినప్పుడు ఢిల్లీ సేన వెంట ఉన్నవి రాళ్లు విసిరే యంత్రాలు. బయటి మట్టిగోడకు తగిలిన రాయి వెనక్కి ఎగిరిపడేదని ఢిల్లీ ఆస్థాన కవే రాసుకున్నాడు.

నీకు కావలసినదంతా ఆ కోటలోనే ఉంది. వెలుపల మట్టికోట, దాని చుట్టూ అగడ్త, లోపల రాతికోట, దానికి 45 బురుజులు. వాకిలి దగ్గర దారి నేరుగా లోపలికి పోదు. మలుపు తిరిగి, మళ్లీ తిరిగి పోతుంది. శత్రువును ఇరుకులోకి తెచ్చి పైనుంచి కొట్టడానికే అలా కట్టారు. నువ్వు చేస్తున్న ఆట కూడా అదే కదా! ఫిరంగులు తీసేసి విలుకాళ్లను, వడిసెలలను, కాగిన నూనెను పెట్టు.

పద్దుల పుస్తకం (ఉదయం 8:40)

అందరూ అసలు ప్రశ్న వదిలేస్తున్నారు. ఇలా జనం దగ్గర తీసుకునే డబ్బును విరాళం అనకండి. మీరు డబ్బు తీసుకుని ఆట ఇస్తామంటున్నారు, అంటే అది ముందస్తు అమ్మకం. ఈ తేడా మాటల్లోనే ఉందనుకోవద్దు. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి కానుకగా వస్తే ఆ మొత్తమంతా ఆదాయం కిందే లెక్క. అందులోంచి ఖర్చులు తీసేయడం కుదరదు. అదే అమ్మకమైతే అది వ్యాపార ఆదాయం, బొమ్మల కళాకారుడికి ఇచ్చినది, సంగీతానికి ఇచ్చినది ఖర్చుగా చూపించుకోవచ్చు. మొదటి రూపాయి నుంచి బిల్లులు దాచండి.

మాటల మూట (ఉదయం 9:05)

బురుజు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ మాట పారసీకం మీదుగా వచ్చింది. కాకతీయుల ఆటలో 'కొత్తళం' అంటే ఎంత బాగుంటుంది! కోటలు, కొత్తళాలు అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం. ఆటలో పలకల మీద ఆ మాట కనిపిస్తే పిల్లలకు కూడా అబ్బుతుంది.

ఓరుగల్లు నడక (ఉదయం 9:21)

కొత్తళం మంచి మాటే, కాదనను. కానీ ఇవాళ కోట చూడడానికి వచ్చేవారంతా బురుజు అనే అంటారు. ఏడు వందల ఏళ్లు మన నోట నానిన మాట పరాయిది ఎలా అవుతుంది?

మాటల మూట (ఉదయం 9:30)

మీరే కదా ఇందాక ఫిరంగి మనది కాదన్నారు.

ఓరుగల్లు నడక (ఉదయం 9:34)

ఫిరంగి విషయంలో నా అభ్యంతరం ఆ వస్తువు అప్పటికి లేకపోవడం మీద. బురుజు వస్తువుగా ఉంది. రెండూ ఒకటి కావు.

పిక్సెల్ కుమ్మరి (ఉదయం 11:10)

ఇప్పుడే లేచాను. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఒకే ముక్క గారూ, నేను ఉండేది హనుమకొండలో, ఖాతా కూడా ఇక్కడిదే. దేశాల జాబితాలో మన దేశం కనిపించలేదు, అందుకని దగ్గరగా ఉందని సింగపూర్ ఎంచుకున్నాను. అది పెద్ద విషయం కాదనుకున్నాను. ఇంజిన్ గొడో 4.

ఒకే ముక్క (ఉదయం 11:13)

అదే పెద్ద విషయం. సింగపూర్ అన్నప్పుడు సింగపూర్ ఖాతానే అడుగుతుంది. ఆ ఫారం వదిలేయండి.

ఫ్రిస్కో బాబాయి (ఉదయం 11:45)

టెక్సాస్ నుంచి రాస్తున్నాను. మీరు చెప్పినది చూస్తే జనం దగ్గర నిధులు సేకరించే సైటు కిక్‌స్టార్టర్‌లా ఉంది. అక్కడ ప్రాజెక్టు పెట్టాలంటే వారి జాబితాలోని దేశంలో శాశ్వత నివాసం, గుర్తింపు పత్రం, బ్యాంకు ఖాతా మూడూ ఉండాలి. భారతదేశం ఆ జాబితాలో లేదు. మీకు తరువాత వచ్చే ఆలోచన కూడా నాకు తెలుసు, అమెరికాలో ఉన్న ఏ పెదనాన్న కొడుకు పేరు మీదో పెడదామని. వద్దు నాయనా. మా మేనల్లుడి కోసం ఒకసారి మరో చోట నేనే అలా నిలబడ్డాను. డబ్బు నా ఖాతాలో పడింది, అది నా ఆదాయంగా లెక్కకు వచ్చింది. పన్ను నేను కట్టాను, మిగిలినది పంపితే ఇంకా రావాలని వాడికి అనుమానం. రెండేళ్లు మాటలు లేవు. ఆలస్యమైతే డబ్బు ఇచ్చినవారు నిలదీసేది కూడా నన్నే. ఆట చేసేవాడి పేరూ డబ్బు తీసుకునేవాడి పేరూ ఒకటే ఉండాలి.

రెండో ఆట (మధ్యాహ్నం 12:30)

తమ్ముడూ, నేను విశాఖ నుంచి. ఒక చిన్న ఆటను కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో విడుదల చేశాను, రెండోది చేస్తున్నాను. ముందుగా ఒక మాట: సోమవారం ఆ గాజులు బయటికి వెళ్లకూడదు. ఆట వడ్డీ కట్టదు, కనీసం మొదటి ఏడాది కట్టదు.

జనం దగ్గర నిధులు సేకరించడం మనం అనుకున్నంత తేలిక కాదు. మన టవర్ డిఫెన్స్ సంగతే చూడు. హిడెన్ పాత్ అనే అమెరికా సంస్థ 2008లోనే డిఫెన్స్ గ్రిడ్ అనే ఆట తెచ్చింది, దానికి అభిమానులు ఉన్నారు. 2012లో రెండో భాగం కోసం కిక్‌స్టార్టర్‌కు వెళ్లి రెండున్నర లక్షల డాలర్లు అడిగితే అంతకు కొంచెం పైన వచ్చింది. ఆ డబ్బు మొదటి ఆటకు కొన్ని కొత్త పటాలు చేర్చడానికి సరిపోయింది. అసలు రెండో భాగం ఒక పెట్టుబడిదారు ముందుకు వచ్చాకే తయారై 2014లో విడుదలైంది. మన దేశం సంగతి చూస్తే, పుణెలో తయారైన రాజీ అనే ఆట 2017లో అక్కడే లక్ష్యం చేరలేకపోయింది. వాళ్లు ఆపలేదు. ఎపిక్ అనే ఆటల సంస్థ గ్రాంటు దొరికింది, 2020లో ఆట వచ్చింది. గ్రాంటు ఇచ్చేవారు ముందు అడిగేది ఆడి చూడగలిగే ముక్క.

కాబట్టి నీ మొదటి ఖర్చు స్టీమ్ రుసుము 100 డాలర్లు, తొమ్మిది వేలకు అటూ ఇటూ. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అది తిరిగి వస్తుంది. ఆటకు ఒక పేజీ తెరిచి, త్వరలో వస్తుందని పెట్టు. నచ్చినవారు కోరికల జాబితాలో వేసుకుంటారు. ఏ ప్రచురణకర్త దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది ఆ అంకెనే. ఏడాదికి మూడుసార్లు స్టీమ్ వారి నమూనాల పండుగ నెక్స్ట్ ఫెస్ట్ జరుగుతుంది, ఆడి చూసే నమూనా ఉంటే ఉచితంగా పాల్గొనవచ్చు. ఒక ఆటకు ఒక్కసారే అవకాశం కాబట్టి తొందరపడి పచ్చిగా తీసుకెళ్లకు. ఈలోగా చిన్న ఆటలు అమ్ముకునే సైటు ఇచ్.ఐఓ లో చిన్న ముక్క పెట్టి, ఇష్టమున్నవారు ఇచ్చినంత తీసుకో. అక్కడ వేదిక వాటా ఎంతో మనమే నిర్ణయించుకోవచ్చు, మార్చకపోతే 10 శాతం. స్టీమ్ తీసుకునేది 30.

హైదరాబాద్‌లో ఎస్‌టీపీఐ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నడిపే ఇమేజ్ కేంద్రం యానిమేషన్, గేమింగ్ అంకుర సంస్థల కోసమే పెట్టినది. క్రాఫ్టన్ అనే కొరియా ఆటల సంస్థకు ఇక్కడి ఆటల తయారీదారుల కోసం ఒక కార్యక్రమం ఉంది. సోనీ ఇండియా హీరో ప్రాజెక్టు ప్లేస్టేషన్ మీదికి రాగల ఆటలను ఎంచుకుంటుంది. ఇలాంటి చోట్ల సాధారణంగా నమోదైన సంస్థను అడుగుతారు, వ్యక్తిని కాదు.

ఇంతకీ ఆ 12 లక్షల లెక్క ఏమిటి? విడదీసి చెప్పు.

పద్దుల పుస్తకం (మధ్యాహ్నం 12:52)

స్టీమ్ అన్నారు కాబట్టి ఒకటి. డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం వివరాలు నింపేటప్పుడు పాన్ సంఖ్య తప్పక ఇవ్వండి. రెండు దేశాల ఒప్పందం ప్రకారం అమెరికాలో జరిగిన అమ్మకాల మీద పన్ను కోత 15 శాతమే. ఆ గడి ఖాళీగా వదిలితే 30 పోతుంది. ఇక్కడ పన్ను కట్టేటప్పుడు ఆ 15ను చూపించుకోవచ్చు. మళ్లీ చెబుతున్నాను, ఇచ్చినంత తీసుకున్నా సరే, బదులుగా ఆట ఇస్తే అది అమ్మకమే.

రెండో ఆట (మధ్యాహ్నం 1:05)

పేరు ఏదైనా ముందు డబ్బు రావాలి కదండీ.

పద్దుల పుస్తకం (మధ్యాహ్నం 1:08)

వచ్చాక నోటీసు కూడా రాకూడదు కదమ్మా.

పిక్సెల్ కుమ్మరి (మధ్యాహ్నం 2:20)

లెక్క ఇదీ అక్కా. బొమ్మలకు 4 లక్షలు, సంగీతానికి 2, ప్రచారానికి 1. మిగిలిన 5 ప్రోగ్రామర్‌కు. నా ఆటలో దారి ముందే గీసి ఉండదు. ఆడేవారు బురుజులు పెడుతూ పోతే అవే దారిని మలుపులు తిప్పాలి. కానీ శత్రువులు బురుజుల మధ్య నుంచి దూరిపోతున్నారు. గోడలా వరుసగా పెట్టినా దూరుతున్నారు. తొమ్మిది రోజులు కూర్చున్నాను, నా వల్ల కాలేదు. అది తెలిసినవారిని పెట్టుకుంటేనే ఆట నిలబడుతుంది.

దారి వెతికేవాడు (మధ్యాహ్నం 2:31)

ఆగండి. ఎలా దూరుతున్నారు? బురుజు బొమ్మ మీదుగానా, రెండు బురుజుల మూలలు కలిసే చోటనా? గొడోలో గడుల మీద దారి వెతికే ఏ-స్టార్ గ్రిడ్ టూడీ వాడుతున్నారా?

పిక్సెల్ కుమ్మరి (మధ్యాహ్నం 2:44)

అవును, అదే. గమనిస్తే మూలల దగ్గరే. అడ్డంగా ఒకే వరుసలో పెడితే ఆగుతున్నారు. మెట్లు మెట్లుగా ఐమూలగా పెడితే దూరుతున్నారు.

దారి వెతికేవాడు (మధ్యాహ్నం 3:10)

అయితే మీ 5 లక్షలు మిగిలినట్టే. ఆ గ్రిడ్‌కు డయాగనల్ మోడ్ అని ఒక అమరిక ఉంది. మనం ఏమీ చెప్పకపోతే అది 'ఆల్వేస్' మీద ఉంటుంది. అంటే ఒక గడి నుంచి ఐమూలగా పక్క గడికి ఎప్పుడైనా వెళ్లవచ్చు. చదరంగం పలక మీద రెండు నల్ల గడుల్లో బురుజులు ఉన్నాయనుకోండి, వాటి మూలలు ఒక బిందువు దగ్గర తాకుతాయి. తెల్ల గడి నుంచి ఎదుటి తెల్ల గడికి ఆ బిందువు మీదుగా శత్రువు జారుకుంటాడు. లెక్క ప్రకారం అది దారే. దాన్ని 'ఓన్లీ ఇఫ్ నో అబ్‌స్టకిల్స్' అని మార్చండి. ఐమూలగా అడుగు వేయాలంటే ఆ పక్కన ఉన్న రెండు గడులూ ఖాళీగా ఉండాల్సిందే. ఐమూల నడక అసలే వద్దనుకుంటే 'నెవర్' పెట్టండి. మార్చాల్సింది ఒక్క వరుస.

ఇంకో రెండు జాగ్రత్తలు. బురుజు పెట్టే ముందు ఆ గడిని మూసి చూసి, వాకిలి దాకా దారి దొరుకుతుందో లేదో అడగండి. దారి ఖాళీగా వస్తే గడిని తిరిగి తెరిచి, ఇక్కడ కుదరదని ఆడేవారికి చెప్పండి. లేకపోతే దారి మొత్తం మూసేసి కూర్చుంటారు. ఇక శత్రువులు వందలు దాటితే ఒక్కొక్కరికీ విడిగా దారి వెతకడం బరువు. కోట వాకిలి దగ్గర నీళ్లు పోసి అవి గడి గడికీ పాకుతున్నట్టు ఊహించండి. ఏ గడికి ఎన్నో అడుగులో చేరాయో ఆ అంకె గడిలో రాసుకోండి. ప్రతి శత్రువూ తన పక్కన ఉన్న చిన్న అంకె వైపు అడుగు వేస్తే చాలు. బురుజు పెట్టినప్పుడు మాత్రమే అంకెలు మళ్లీ వేయాలి. ఇక్కడ కూడా మూలల నియమం మరవకండి.

ఒకే ముక్క (మధ్యాహ్నం 3:15)

రాత్రే ఇంజిన్ పేరు చెప్పి ఉంటే సరిపోయేది.

మాటల మూట (సాయంత్రం 4:02)

ఐమూల! డయాగనల్‌కు ఎంత చక్కని మాట. ఆట అమరికల్లో కూడా తెలుగు పెడతారా?

ఫ్రిస్కో బాబాయి (సాయంత్రం 5:20)

ఇక్కడి పిల్లల కోసం తెలుగు గొంతుతో పెడితే మా ఊరిలో నలుగురు కాదు, నలభై మంది కొంటారు. విడుదల అయ్యాక చెప్పండి. ముందు మాత్రం డబ్బు అడగవద్దు, నేనూ ఇవ్వను.

పిక్సెల్ కుమ్మరి (రాత్రి 10:48)

డయాగనల్ మార్చాను. మెట్లు మెట్లుగా పద్దెనిమిది బురుజులు పెట్టి చూశాను, ఒక్కడు కూడా దూరలేదు. చుట్టూ తిరిగి వస్తున్నారు. థాంక్సండీ అందరికీ. ఫిరంగులు కూడా తీసేస్తాను.

రెండో ఆట (రాత్రి 11:02)

సంతోషం తమ్ముడూ. మిగిలిన 7 లక్షల్లో కూడా ముందు ఒక్క పటానికి సరిపడా బొమ్మలు చేయించు చాలు. గాజుల సంగతి ఏమైంది? అమ్మతో మాట్లాడావా?

ఓరుగల్లు నడక (ఆదివారం, ఉదయం 6:40)

ఇప్పుడు కోట దగ్గరే ఉన్నాను. తూర్పు వాకిలి మలుపును నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాను. ఎండ ఏటవాలుగా పడుతోంది, రాళ్ల మధ్య సందులు కూడా తెలుస్తున్నాయి. ఎక్కడికి పంపాలో చెప్పు.

రెండో ఆట (సోమవారం, ఉదయం 9:15)

తమ్ముడూ?