తొమ్మిదిలో బడి మానేస్తానంటున్నాడు: చదివించాలా, షెడ్డులో పెట్టాలా?

తొమ్మిదో తరగతి నాన్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా వాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులయ్యాక బడికి వెళ్లనని మొండికేశాడు. "లెక్కలు, సోషల్ నాకేం పనికొస్తాయి? బైక్ మెకానిక్ అవుతా" అంటాడు. మా స్ప్లెండర్‌ని విప్పి బిగించేస్తాడు, ఆ మాట నిజమే. పుస్తకం ముందు మాత్రం పది నిమిషాలు కూర్చోడు. తిట్టాను, బతిమాలాను, ఇంట్లో రోజూ టెన్షనే. షెడ్డులో పెట్టేయమని మా బావమరిది అంటున్నాడు. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల అమ్మ: హాస్టల్లో వేసేయండి అన్నయ్యా. గారాబం ఎక్కువైంది, నాలుగు నెలల్లో దారికొస్తాడు.

స్పానర్: హాస్టల్ వద్దు అన్నగారూ, గోడ దూకి వచ్చేసిన పిల్లల్ని చూశాను. నేను ఏడుతో ఆపేశాను. ఇవాళ సొంత షెడ్డుంది, ఇద్దరు కుర్రాళ్లకి జీతమిస్తున్నాను. బీటెక్ చేసి ఖాళీగా ఉన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. చెయ్యి తిరగాలంటే చిన్నప్పుడే పని పట్టుకోవాలి. ఇష్టం లేని చదువు మెడకి కట్టడం దేనికి?

లెక్కల మాస్టారు: స్పానర్ గారూ, మీరు నేర్చుకున్నది పెట్రోలునీ గాలినీ కలిపే కార్బ్యురేటర్ ఉన్న పాత బళ్ల మీద. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలుని కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ పద్ధతి), సెన్సర్లు వచ్చేశాయి. శబ్దం విని స్క్రూ తిప్పితే సరిపోదు. స్కానర్‌లో లోపం చెప్పే కోడ్ చదవాలి, మల్టీమీటర్‌తో ఓల్టేజీ చూడాలి. ఈ కుర్రాడు బతకాల్సింది ఆ బళ్లతోనే.

నాన్నగారూ, తొమ్మిది, పది పిల్లలకే నేను పాఠం చెబుతాను. "ఇదెందుకు పనికొస్తుంది" అని అడిగేవాళ్లలో ఎక్కువమందికి లెక్కల మీద కోపమేమీ ఉండదు. తమకి రాదని నలుగురి ముందూ బయటపడుతుందన్న భయం. ఆరులోనో ఏడులోనో భిన్నాల దగ్గర ఆగిపోయి ఉంటారు. 3/4 లోంచి 2/3 తీసేయమంటే పెన్ను కదలదు. ఆ పైన బీజగణితం ఎలా ఎక్కుతుంది? రాదని ఒప్పుకోలేక అక్కర్లేదంటారు. ఈ ఒక్క లెక్క ఇచ్చి చూడండి, ఎవరూ పక్కన లేనప్పుడు. తడబడితే ఆరో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టాలి.

ఇంకోటి కూడా చేయించండి. స్ప్లెండర్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 50 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 49.5. అంటే వ్యాసార్థం 2.5 సెంటీమీటర్లు, ఎత్తు 4.95. స్థూపం ఘనపరిమాణం సూత్రంలో వేస్తే సుమారు 97.2 ఘన సెంటీమీటర్లు వస్తుంది. కంపెనీ చెప్పే సీసీ అదే. పిస్టన్ చేత్తో పట్టుకున్నవాడికి ఈ లెక్క క్లాసులో ఫస్టొచ్చే పిల్లాడికన్నా బాగా అర్థమవుతుంది.

స్పానర్: ఇప్పుడే ఫోన్లో వేసి చూశాను మాస్టారూ, కరెక్టే. కానీ ఆ లెక్క తెలియకుండానే అరిగిన సిలిండర్‌కి బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు ఎన్నో వేశాను. ఇంజెక్షన్ బళ్లలో కరెంటు కంప్లైంటు వస్తే వేరే షాపుకి పంపుతున్న మాట మాత్రం నిజం. సరే, లెక్కలు ఒప్పుకుంటా. సోషల్ దేనికి?

లెక్కల మాస్టారు: షెడ్డులో దాని ఉపయోగం చూపించలేను, చూపించాల్సిన పని కూడా లేదు. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్ల మీద బతికే ఊళ్లో పుట్టినవాడు. ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో, వాటాల కోసం రాష్ట్రాలు ఎందుకు కొట్లాడుకుంటున్నాయో తెలియకుండా పెరిగితే, రేపు ఓటడగడానికి వచ్చినవాడు ఏం చెబితే అదే నమ్ముతాడు. మెకానిక్ అయినంత మాత్రాన అవన్నీ వాడికి అక్కర్లేదని మనమెలా తేలుస్తాం?

పది పాసైతే ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు ఉంది, రెండేళ్లు. మీ వాడికి ఆ దారి ఇప్పుడే చూపించండి. ఈలోపు ఆదివారాలు షెడ్డుకి వెళ్లనివ్వండి, జీతానికి కాదు, చూసి నేర్చుకోవడానికి.

ఇద్దరు పిల్లల అమ్మ: ఆదివారం గ్రీజు అంటితే సోమవారం బడికెళ్తాడా మాస్టారూ?

లెక్కల మాస్టారు: వెళ్లకపోతే వచ్చే ఆదివారం షెడ్డు లేదమ్మా. ఆ షరతు ముందే చెప్పాలి. బడి ఎగ్గొట్టి వస్తే పని చెప్పనని షెడ్డాయన కూడా అనాలి. తండ్రిది ఒక మాట, ఆయనది ఒక మాట అయితే ఇది నడవదు.

స్పానర్: నా దగ్గరికి వస్తే నేను అలాగే అంటాను. అన్నగారూ, మీకు దగ్గర్లో ఏ షెడ్డుంది?