కచేరీ ఫొటోలన్నీ ఒకేలా వస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఫొటోగ్రఫీ డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. సెమిస్టర్ ప్రాజెక్టుకి కర్ణాటక సంగీత కచేరీలు ఎంచుకున్నాను. మొన్న ఒక సభలో మూడు గంటలు కూర్చుని 900 ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఒకటే. గాయని నోటికి అడ్డంగా మైకు, వెనక స్పాన్సర్ల ఫ్లెక్సీ. కొన్నింట్లో అడ్డంగా నల్ల చారలు కూడా. నా దగ్గర జూమ్ లేని 50 ఎంఎం 1.8 లెన్సు ఒక్కటే ఉంది. పెద్ద జూమ్ అద్దెకు తెచ్చుకోవాలా? అసలు కెమెరా పట్టుకోబుద్ధి కావడం లేదు.

జవాబు 1:
తమ్ముడూ, జూమ్ సంగతి తర్వాత. సైలెంట్ షట్టర్ పెట్టావు కదూ? చారలు అందుకే. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. సైలెంట్ షట్టర్ ఫొటోని వరసలు వరసలుగా తీసుకుంటుంది కాబట్టి ఆ మినుకు చారలుగా పడుతుంది. మెకానికల్ షట్టర్‌కి మారి షట్టర్ స్పీడు 1/100 సెకను పెట్టు. లెన్సు ద్వారం (అపర్చర్) ఎఫ్ 2, వెలుగు గ్రహించే ఐఎస్ఓ 1600 నుంచి 3200 దాకా. ఫ్లాష్ జోలికి పోవద్దు. షట్టర్ టకటక చప్పుడు ఆలాపనలో అందరికీ వినపడుతుంది కాబట్టి అప్పుడు చేతులు కట్టుకుని కూర్చో.

ఎదురుగా కూర్చోవడం మానేయ్. పక్కకి జరిగితే మైకు మొహం మీంచి తప్పుకుంటుంది, ఫ్లెక్సీ బదులు వింగ్‌లోని (స్టేజీ పక్క తెరల వెనక) చీకటి వస్తుంది.

జవాబు 2:
నేను మృదంగం వాయిస్తాను, కెమెరా గురించి తెలియదు. కానీ ఒకటి అడుగుతాను. ఆ మూడు గంటల్లో ఒక్కసారైనా తాళం వేశావా బాబూ? ఆది తాళం అయితే ఎనిమిది లెక్కపెట్టు. సమం, అంటే తాళంలో మొదటి దెబ్బ, ఎప్పుడొస్తుందో తెలిస్తే, గాయని చెయ్యి తొడ మీద పడే క్షణం నీకు ముందే తెలుస్తుంది. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) చివర ముక్తాయింపు, అంటే ముగింపు జతి, మామూలుగా మూడుసార్లు వాయిస్తాం. మొదటిసారి విను, రెండోసారి ఫ్రేమ్ సరిచూసుకో, మూడోసారి నొక్కు. ఆ హోరులో నీ షట్టర్‌ని ఎవరూ పట్టించుకోరు.

మేం సాధారణంగా గాయని కుడి పక్కన కూర్చుంటాం, మృదంగం కుడి మూత సభ వైపు ఉంటుంది. కాబట్టి నువ్వు వయొలిన్ ఉన్న వైపు కూర్చుంటే మా మొహం, కుడి చెయ్యి రెండూ దొరుకుతాయి. మృదంగ విద్వాంసులు పళని సుబ్రహ్మణ్య పిళ్ళై గారిలా ఎడమచేతివాటం వాళ్లయితే ఇదంతా తారుమారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. గ్రీన్ రూమ్‌లోకి రానిస్తారా?

జవాబు 2:
అరగంట ముందొచ్చి, కెమెరా బ్యాగులోనే ఉంచి అడుగు. ఎడమ మూతకి తడి రవ్వ ముద్ద అద్దుతూ, రాయి, చెక్క పుల్లతో మూత అంచులు కొడుతూ శ్రుతి చేసుకునేది అప్పుడే. నన్నడిగితే కచేరీ కంటే అదే బాగుంటుంది.

జవాబు 1:
నిజం. వీలైతే పుష్య బహుళ పంచమికి, త్యాగరాజ ఆరాధన జరిగే తిరువయ్యారు కూడా వెళ్లు. పగటి వెలుగులో వందల మంది వరసల్లో కూర్చుని ఆయన పంచరత్న కీర్తనలు పాడతారు. నీ 50 ఎంఎం చాలు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న ఇంకో కచేరీకి వెళ్లాను. 140 మాత్రమే తీశాను. రెండో ముక్తాయింపునే మూడోది అనుకుని నొక్కేశాను, మృదంగం ఆయన చెయ్యి మొత్తం మసక. కానీ ఆ మసక వెనక వయొలిన్ ఆయన కళ్లు మూసుకుని నవ్వుతున్నారు. ప్రాజెక్టులో మొదటి ఫొటో అదే పెడుతున్నాను.