అప్‌డేట్: తలకు దెబ్బ తగిలాక తల తిరగడం, ఫిజియోథెరపీ మొదలుపెట్టాక

మెట్ల మీద జారి తలకు దెబ్బ తగిలిందని, సీటీ స్కాన్ నార్మల్ వచ్చినా మూడు వారాలుగా తల తిరుగుతోందని, ఇంకా చీకటి గదిలోనే పడుకోవాలా అని అడిగింది నేనే. ఫిజియోథెరపిస్టును కలవమని చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్. ఆరు వారాలుగా వెళ్తున్నాను.

నాకు అయినది కంకషన్, అంటే దెబ్బకు మెదడు కుదుపుకు లోనవడం. అందులో మెదడు కణాల పనితీరు దెబ్బతింటుందట. మామూలు స్కాన్ రక్తస్రావం, ఎముక విరగడం లాంటివే చూపిస్తుంది. అది తెలిశాకే ఇదంతా నా భ్రమేమో అన్న టెన్షన్ పోయింది.

అతిగా పడుకోవడమే నేను చేసిన పొరపాటు. విశ్రాంతి మొదటి 24 నుంచి 48 గంటలే, తర్వాత మెల్లగా నడక మొదలుపెట్టాలి. పదికి ఎంత అని తలనొప్పికి మార్కు వేసుకుంటాను. నడకలో అది మొదలుపెట్టినప్పటి కంటే 2 మార్కులకు మించి పెరిగితే ఆపేస్తాను.

నాకు బాగా పనిచేసింది చూపు వ్యాయామం. బొటనవేలు ఎదురుగా పట్టుకుని, చూపు దాని మీదే నిలిపి తలను అటూ ఇటూ తిప్పాలి. మొదటిరోజు 20 సెకన్లకే వికారం. ఇప్పుడు నిమిషం చేయగలుగుతున్నాను. తలనొప్పిలో సగం మెడ బిగుసుకోవడం వల్లేనని కూడా అక్కడే తేలింది.

కొత్తగా దెబ్బ తగిలినవాళ్లకు ఒక్క మాట: తలనొప్పి అంతకంతకూ పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా వ్యాయామాల గురించి ఆలోచించకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

జనం మధ్య నడిస్తే నాకింకా తూలినట్టే ఉంటుంది. వచ్చే వారం నుంచి దాని మీద పని మొదలుపెడుతున్నాం.