సమస్య: బండిని సుల్తాను లాగె బంటై తానే

నిర్వాహకుడు (నెల్లూరు): మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు నడిచిన ఏప్రిల్ 16 వస్తోంది కాబట్టి ఈ వారం సమస్యాపూరణం రైలు మీద, కంద పద్యంలో. ఆఖరి పాదం నాది, పై మూడూ మీరు పూరించాలి. 1825 సెప్టెంబరు 27 నాటి ఇంగ్లండు స్టాక్టన్–డార్లింగ్టన్ రైలుబండి వద్దు; 2025లో దాని రెండొందల ఏళ్ళ పండక్కి రాసిందే చాలు. మన బండే కావాలి. సుల్తాను ఎవరో నేను చెప్పను.

కావలి మాస్టారు:
నిండఁ బదునాల్గు పెట్టెలు
మండెడి వేసవిని ఠాణె మార్గమునందున్
గుండె లదరంగఁ గూయుచు
బండిని సుల్తాను లాగె బంటై తానే

1853లో బొంబాయి బోరీబందరు నుంచి ఠాణేకు, 34 కిలోమీటర్లు. సుల్తాను ఇంజను పేరు.

నిర్వాహకుడు: ధార బాగుంది మాస్టారూ. మధ్యాహ్నం మూడున్నర దాటాక కదిలిన బండి కనక ‘మండెడి వేసవి’ ఊరికే పడ్డ మాట కాదు. నాలుగొందల మంది అతిథులు ఎక్కారు, ‘నిండ’ కూడా సరే. చిక్కల్లా ‘తానే’తో. ఆ రోజు సాహెబ్, సింధ్, సుల్తాన్ అని మూడు ఇంజన్లు కట్టారు. మిగతా రెండింటి కష్టమూ సుల్తాను ఖాతాలో రాసేశారు.

కావలి మాస్టారు: ‘తానే’ ఇచ్చింది మీరే గదా సామీ!

నిర్వాహకుడు: ఇచ్చాను. పై మూడు పాదాల్లో దాన్ని సర్దడమే పూరణ.

బిట్రగుంట సభ్యుడు: అయితే ఇది చూడండి.
కొండలుగఁ బొగ్గు మేయుచు
దండిగ సాహెబును సింధు తన తోడుండన్
గుండలతో నీరు కుడిచి
బండిని సుల్తాను లాగె బంటై తానే

మా నాయన ఇక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్. బొగ్గు పార బరువు గురించి వింటూ పెరిగాం.

ఒంగోలు సభ్యురాలు: మేత, నీళ్ళు, తోడు అన్నీ అమిరాయన్నా. ‘దండిగ’ మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. ‘దండను’ అనండి, పక్కన అనే అర్థం వస్తుంది, గణం చెడదు. ఇక నాది:
కొండ యనఁదగిన గిత్తకు
నిండుగ నా పేరు పెట్ట నే నొంగోలన్
రెండింటి రైలు దిగఁగా
బండిని సుల్తాను లాగె బంటై తానే

ఇక్కడ సుల్తాను గిత్త పేరు. 1899లో బెజవాడ–మద్రాసు లైను కలిసింది గానీ, స్టేషను దాటాక చాలాకాలం ఎడ్లబండే గదా.

కావలి మాస్టారు: ఎడ్లబండంటే జోడుండాలి గదమ్మా! ‘తానే’ మళ్ళీ అడ్డం పడలా?

ఒంగోలు సభ్యురాలు: ఒంటెద్దు బండి మాస్టారూ. మూడు పద్యాల్లో ‘తానే’కు న్యాయం జరిగింది దీంట్లోనే.

నిర్వాహకుడు: జరిగింది, ఒప్పుకున్నా. ఏప్రిల్ 16 ఏదమ్మా మరి? బిట్రగుంట పద్యాన్నే ‘దండను’ దిద్దుబాటుతో తీసుకుంటున్నా. గిత్త పద్యం దాచిపెట్టండి, కనుమ పండక్కి వేద్దాం.